ఎవరితో వెళ్తావు?

తిరువూరులో దశరథరామయ్యగారు తన భార్యను ఏనాడూ దేనికీ వద్దనలేదు. ఈ మాట ఆయనే పదిమందిలో చెప్పుకునేవారు. అందులో అబద్ధం కూడా లేదు. పుట్టింటికి వెళ్తానంటే వద్దనలేదు, సినిమాకంటే వద్దనలేదు, పక్కనున్న నెమలి ఊరి తిరునాళ్ళకంటే వద్దనలేదు. "వెళ్ళు, నేను కాదన్నానా?" అనేవారు. ఆ వెంటనే నోట్లో చుట్ట తీయకుండానే ఇంకో మాట అడిగేవారు. "ఎవరితో వెళ్తావు?"

ఇక అంతే, అక్కడితో ఆ ప్రయాణం కట్టు. ఇంట్లో జీపుంది, కానీ డ్రైవరుతో ఆడమనిషి ఒక్కతే వెళ్ళకూడదు. పాలేరుతో వెళ్తే బాగుండదు. పనిమనిషి అక్కమ్మను వెంటబెట్టుకు వెళ్తే పెద్దింటి ఆడది బజారున పడిందంటారు. ఆయనతోనే వెళ్దామంటే ఆయనకు తీరిక ఉండాలి. ఆయన తీరికకూ ఆవిడ అవసరానికీ ముప్పై ఏళ్ళలో ఒక్కసారి ముడిపడితే ఒట్టు. తలుపుకు తాళం వేస్తే అది కంటికి కనిపిస్తుంది, కోపమొచ్చిన నాడు పగలగొట్టాలనైనా అనిపిస్తుంది. ఆయన వేసిన ప్రశ్నను ఏ రాయి పెట్టి కొట్టాలో నాగేంద్రమ్మకు ఏనాడూ తెలియలేదు.

పదహారో ఏట గూడుబండిలో ఆ ఇంటికి వచ్చింది నాగేంద్రమ్మ. తర్వాత జీపు వచ్చింది, జీపుకు పరదాలు వచ్చాయి. ఎక్కడం పెరట్లోనే, దిగడం పెరట్లోనే. తిరువూరు ఆవిడకు చెవులతోనే తెలుసు. పొద్దున రైసు మిల్లు కూత, మధ్యాహ్నం బస్టాండులో కండక్టర్ల కేకలు, సాయంత్రం సినిమా హాలు మైకు. అవి ఏ దిక్కునుంచి వస్తాయో చెప్పగలదు గాని, అక్కడికి ఏ సందులోంచి వెళ్ళాలో చెప్పలేదు.

ఆవిడ అక్క సుబ్బాయమ్మది కూడా ఆ ఊళ్ళోనే కాపురం. నెమలి నుంచి అక్కచెల్లెళ్ళిద్దర్నీ అన్నదమ్ముల పిల్లలకు ఇచ్చారు. ఆ అన్నదమ్ములు తమ తండ్రి పేరు నా కొడుక్కంటే నా కొడుక్కని పట్టుబట్టి, చివరికి ఇద్దరూ పెట్టుకున్నారు. దాంతో అక్క మొగుడూ దశరథరామయ్యే, చెల్లెలి మొగుడూ దశరథరామయ్యే. ఊరు మాత్రం పెద్ద దశరథరామయ్య, చిన్న దశరథరామయ్య అని విడదీసుకుంది. కట్టుకున్నవాడి పేరు నోట పలికితే ఆయుక్షీణమని నమ్మే ఇల్లు కావడంతో, నాగేంద్రమ్మకు బావగారి పేరు కూడా నోట పట్టరానిదైంది. రామభజనలో అందరూ 'దశరథరామా' అన్నచోట అక్కచెల్లెళ్ళిద్దరూ నోళ్ళు మూసుకుని తాళం వేసేవాళ్ళు. జనాభా లెక్కల మనిషి వస్తే ఇంటి యజమాని పేరు అక్కమ్మ చెప్పాల్సి వచ్చేది.

పదకొండేళ్ళ కిందట వినగడప పొలంలో ఉమ్మడి బావి మీద మోటారు ఎవరు పెట్టాలన్న దగ్గర ఇద్దరు దశరథరామయ్యలకూ చెడింది. రాకపోకలు ఆగిపోయాయి. మరో అయిదేళ్ళకు పెద్దాయన పోయారు. ఊళ్ళో ఒక్కడే మిగిలాడు కాబట్టి చిన్నాయన పేరు ముందున్న 'చిన్న' రాలిపోయింది. పగ మాత్రం రాలిపోలేదు. కర్మకు ఆయనొక్కరే వెళ్ళి, వాకిట్లో నిలబడి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చేశారు.

దీపావళి వెళ్ళిన వారానికి అక్కమ్మ పెరట్లో అంట్లు తోముతూ తలెత్తకుండా చెప్పింది. "అమ్మగారూ, పెద్దమ్మగారికి ఎడం కాలూ ఎడం చెయ్యీ పడిపోయినయ్యంట. చెల్లెల్ని ఒక్కసారి చూడాలని ఉందన్నదంట."

ఆ మధ్యాహ్నమే నాగేంద్రమ్మ భర్త ముందు నిలబడింది. "ఏమండీ, అక్కకు బాగాలేదట. ఒక్కసారి చూసొస్తానండీ."

"వెళ్ళు, నేను కాదన్నానా? ఎవరితో వెళ్తావు?"

నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ అదే జవాబు. అయిదోసారి అడగబోతుంటే ఆయనే శుభవార్త చెప్పారు. బసవపున్నయ్య అని, కాశీయాత్రలకు బస్సులు కట్టేవాడు, ఈ మాఘంలో కాశీ మీదుగా నేపాళం దాకా బస్సు వేస్తున్నాడట. రెండు సీట్లు రాయించేశారు. నలభై రోజులు. అర మైలు దూరంలో ఉన్న అక్కను చూపించడానికి దొరకని తీరిక ఆయనకు హిమాలయాల దాకా వెళ్ళడానికి దొరికింది. "నీ జన్మ తరించిపోతుంది పో" అన్నారు. జన్మ సంగతి దేవుడెరుగు, తిరిగొచ్చేసరికి అక్క ఉంటుందా అన్న దిగులుతో నాగేంద్రమ్మ బస్సెక్కింది.

కిటికీ పక్క సీటు ఆయనది. ఆవిడకు రాష్ట్రాలన్నీ ఆయన మఫ్లరు అంచున కాస్త కాస్త కనిపించి వెళ్ళిపోయాయి. కాశీలో ఏదో ఒకటి వదిలిపెట్టాలంటే దశరథరామయ్యగారు కాకరకాయ వదిలేశారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కాకరకాయ నోట పెట్టింది లేదు. గంగ నింపి మూతి మాటేసిన చెంబులు పదకొండు కొన్నారు. ఎవరెవరికి ఇవ్వాలో ఇళ్ళ పేర్లు చదివారు. ఆ పేర్లలో సుబ్బాయమ్మ ఇల్లు లేదు. గంగంటే దేనికి? పోయే ప్రాణం నోట్లో చుక్క వేయడానికే గదా. నాగేంద్రమ్మ ఎవరూ చూడకుండా పన్నెండో చెంబు తానే కొని, చీరల మధ్య దాచుకుంది.

ఖాట్మండు చేరిన మర్నాడు పొద్దున్నే పశుపతినాథుడి దర్శనమైంది. సత్రానికి తిరిగొచ్చి వంటలు చేసుకుని తిన్నాక, డ్రైవరు జోజప్ప బస్సు కింద దూరి, ఏదో విరిగిందని, సాయంత్రం దాకా కదలదని తేల్చాడు. బసవపున్నయ్య అందర్నీ పిలిచి, "ఊరు చూసే వాళ్ళు చూడండి. ఒక్కళ్ళే పోవద్దు, గుంపుగా వెళ్ళండి. దీపాలు పెట్టే వేళకు వచ్చెయ్యండి" అన్నాడు. ఆడవాళ్ళు పదిమంది, కొండ మీద కళ్ళున్న గోపురం చూసొద్దామని బయల్దేరుతున్నారు.

నాగేంద్రమ్మ గబగబా భర్త దగ్గరికి వెళ్ళింది. ఇన్నేళ్ళకు ఆ ప్రశ్నకు తన దగ్గర జవాబుంది. "ఏమండీ, వీళ్ళందరితో వెళ్ళొస్తానండీ" అంది, ఆయన అడగకముందే.

దశరథరామయ్యగారు ఒక్క క్షణం తడబడ్డారు. ఆ తర్వాత మఫ్లరు సర్దుకుని, "వాళ్ళతో నీకేంటి? నేను లేనా? ఊరంతా నేనే చూపిస్తాను, పద" అన్నారు. ఆడవాళ్ళంతా నాగేంద్రమ్మ అదృష్టానికి మురిసిపోయారు. మొగుడు కాలినడకన ఊరు చూపించడమంటే మాటలా అన్నారు.

ఖాట్మండులో మొదటి గంటసేపు నాగేంద్రమ్మ చూసింది ఆయన వీపు. బెజవాడలో కుట్టించిన బూడిదరంగు ఉన్నికోటు, భుజాల దగ్గర కాస్త బిగుతు. ఆయన ముందు, రెండు బారల వెనక ఆవిడ. ఆవిడ నడక తగ్గితే వెనక్కి చూడకుండానే "ఊఁ" అనేవారు. ఆ ఊఁ కట్టుకొయ్య తాడులా ఆవిడను ముందుకు లాగేది. ఊరు చూపిస్తానన్న మనిషి దేని ముందూ ఆగలేదు. నడవడమే ఊరు చూడటమని ఆయన లెక్క.

ముందుకు చూడటానికి వీపు తప్ప ఏమీ లేదు గనక ఆవిడ పక్కలకు చూసింది. సత్రం సందు దాటగానే ఓ పెద్ద చెరువు, దాని నడుమ తెల్లటి గుడి. చెరువు దాటి ఇరుకు బజారులో పడితే రెండు పక్కలా ఎర్ర ఇటుకల మిద్దెలు, వాటికి జల్లెడలా చెక్కిన కొయ్య కిటికీలు. ఓ మలుపులో మనిషి పళ్ళ సెట్లు అద్దాల పెట్టెలో పెట్టిన దుకాణం. దాని పక్కనే గోడకు నిలబెట్టిన ఓ చెట్టు మొద్దు, నిండా మేకులు, ఇంకో మేకు కొట్టడానికి చోటు లేదు. అదేం దేవుడో, ఎవరి బాధలు అందులో దిగ్గొట్టారో ఆవిడకు తెలియలేదు. అడుగుదామంటే ఆ వీపు అప్పటికే మలుపు తిరిగిపోతోంది.

అన్నిటికంటే ఆవిడ కళ్ళు ఆడవాళ్ళ మీద నిలిచాయి. నుదుటికి పట్టీ వేసి వీపున బుట్ట మోసుకుపోయే ముసలమ్మ. నడివీధిలో చాప పరిచి, ఎండలో పిల్లాడికి నూనె రాస్తున్న బాలింత. కమలాపళ్ళ కుప్ప ముందు కూర్చుని, బేరం కుదరకపోతే కొనేవాణ్ణి తిట్టి పంపే పడుచు. ఒంటరిగా వస్తున్నారు, ఒంటరిగా పోతున్నారు. ఎవరితో వెళ్తున్నావని ఒక్కళ్ళూ అడగడం లేదు. నాగేంద్రమ్మకు వాళ్ళ మీద అసూయ పుట్టింది. ఆ పడుచు దగ్గర ఒక్క కమలాపండు కొనాలనిపించింది. ముందునుంచి "ఊఁ" వినిపించింది.

రెండు గంటలు తిరిగాక మేకుల మొద్దు మళ్ళీ ఎదురైంది. ఇంకాస్త సేపటికి ఇంకోసారి.

"ఏమండీ, ఇందాక ఈ దారినే వచ్చాం" అంది మెల్లగా.

"నీకేం తెలుసు? ఈ ఊళ్ళో అన్నీ ఇట్లాంటి మొద్దులే ఉంటాయి."

అసలు సంగతి ఏమిటంటే దశరథరామయ్యగారు దారి తప్పి అప్పటికి చాలాసేపైంది. తిరువూరులో ఆయన దారి అడిగే అవసరం ఎప్పుడూ రాలేదు. ఎదురొచ్చినవాడు చెప్పులు విడిచి, ఎటు వెళ్ళాలో అటు తోడొచ్చేవాడు. ఇక్కడ ఎదురొచ్చినవాడు ఆయన్ను గుద్దుకుని వెళ్ళిపోతున్నాడు. ఒకచోట అభిమానం చంపుకుని, ఓ దుకాణం వాణ్ణి "సత్రం కహా?" అని అడిగారు. వాడు చేతులు తిప్పుతూ ఏదో పెద్ద కథ చెప్పాడు. అంతా తెలిసినట్టు తలాడించి, వాడు చూపిన వైపు కాకుండా ఇంకో వైపు నడిచారు.

"ఇటు కాదండీ. ఆ పళ్ళ సెట్ల దుకాణం ఎడం చేతికి వస్తే..."

"నోరు మూసుకుని రా. నువ్వు నాతో వచ్చావా, నేను నీతో వచ్చానా?"

నాగేంద్రమ్మ నోరు మూసుకుంది. దారి తెలుసు. పోతున్నది తప్పుదారి అనీ తెలుసు. తెలిసి తెలిసి ఆ వీపు వెనకాలే నడవాలి. ముప్పై ఏళ్ళ కాపురమంతా ఇదే గదా అనిపించి, పరాయి దేశపు నడివీధిలో ఆవిడకు ఏడుపొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని నడిచింది.

ఆ ఊళ్ళో ఎండ ఉన్నట్టుండి కొండల వెనక్కి పోయింది. చలి పాదాల్లోంచి ఎక్కుతోంది. దశరథరామయ్యగారి కొత్త బూట్లు కరిచి ఆయన కుంటడం మొదలుపెట్టారు. నాలుగు సందులు కలిసేచోట ఓ చిన్న గుడి మెట్టు మీద కూలబడ్డారు. ఒక్కో సందు వైపూ చూశారు. అన్ని సందులూ ఆయనకు ఒకేలా కనిపించాయి కాబోలు. ఆయన కళ్ళలో భయం నాగేంద్రమ్మ అంతకుముందు చూడలేదు. చూసి జాలి పడదామనుకుంది గాని, ఎందుకో రాలేదు.

"ఏమే," అన్నారు ఆయన నేలచూపులు చూస్తూ, "సత్రం ఎటుంటుందంటావ్?"

ముప్పై ఏళ్ళలో ఆయన ఆవిడను జవాబు కోసం అడిగిన మొదటి ప్రశ్న అది.

"రండి" అంది నాగేంద్రమ్మ.

మేకుల మొద్దు కుడిచేతికి వదిలి, పళ్ళ సెట్ల దుకాణం దగ్గర తిరిగి, కమలాపళ్ళ పడుచు ముందునుంచి నడిచింది. కళ్ళ ముందు వీపు లేదు. వీధి వీధంతా ఆవిడ ముందు పరుచుకుని ఉంది. ఎదురొచ్చేవాళ్ళు పక్కకు తప్పుకుంటున్నారు. వెనక ఆయన కుంటుకుంటూ, ఒగరుస్తూ వస్తున్నారు. నడక తగ్గినప్పుడు "ఊఁ" అందామా అని నోటిదాకా వచ్చి ఆగింది. ఆనందంగా ఉంది. దాని అడుగున మంట మండుతోంది. ఇంతేనా? ఎవరితో, ఎవరితో అని ఇన్నేళ్ళు కట్టేసింది ఈ మనిషి తోడు లేదనేనా? ఈ మనిషికి తనకంటే ఒక్క సందు కూడా ఎక్కువ తెలియదే!

చెరువు కనిపించింది. చెరువు వెనక సందు, సందులో సత్రం. గుమ్మం అల్లంత దూరాన ఉండగా ఆయన నడక పెంచి, ఆవిణ్ణి దాటి ముందు లోపలికి వెళ్ళారు. నాగేంద్రమ్మ లోపల అడుగుపెట్టేసరికి ఆయన బసవపున్నయ్యతో అంటున్నారు. "ఊరంతా కాలినడకన చూపించానయ్యా మా ఆవిడకి. అడుగడుక్కీ సందులే. నేను కాబట్టి సరిపోయింది."

ఆవిడ పొయ్యి వెలిగించి ఆయన కాళ్ళకు వేణ్ణీళ్ళు పెట్టింది.

తిరుగు ప్రయాణం పద్దెనిమిది రోజులు. కిటికీ పక్క ఆయనే. నాగేంద్రమ్మకు బస్సు నడుస్తున్నట్టే లేదు. అక్క ఉందో లేదో చెప్పే నాథుడు లేడు. ప్రతి మజిలీలోనూ చీరల మధ్య చెంబు తడిమి చూసుకుంది.

తిరువూరు బస్టాండులో బస్సు ఆగేసరికి పొద్దున పది గంటలైంది. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు నేరుగా ఇంటికి పోకూడదు. ఊరి గుళ్ళో ఆగాలి. మేళం రావాలి, గంగచెంబు నెత్తిన పెట్టాలి, ఊరేగింపుగా వెళ్ళి గడప దగ్గర హారతి తీసుకున్నాకే లోపలికి కాలు పెట్టాలి. బస్టాండు పక్కనే ఆంజనేయస్వామి గుళ్ళో అందరూ దిగారు. మేళంవాళ్ళు గంపలగూడెంలో పెళ్ళికి పోయారని, వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందని కబురొచ్చింది. దశరథరామయ్యగారు మంటపంలో చాప మీద కూర్చుని, చుట్టూ చేరిన జనానికి నేపాళం చూపించడం మొదలుపెట్టారు.

నాగేంద్రమ్మ దగ్గరికి వెళ్ళి, అందరూ వినేలాగే అడిగింది. "ఏమండీ, మేళం వచ్చేలోపు అక్కను చూసొస్తానండీ."

"వెళ్ళు, నేను కాదన్నానా? ఎవరితో వెళ్తావు?" అని, జవాబు కోసం ఆగకుండా ఆయన మళ్ళీ జనం వైపు తిరిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఉండదని ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం.

ముప్పై ఏళ్ళూ నాగేంద్రమ్మ రెండో మాటే వింటూ వచ్చింది. ఆరోజు మొదటి మాట విన్నది. పెట్టె తెరిచి చెంబు తీసుకుని, గుడి మెట్లు దిగింది.

దిగి నిలబడిపోయింది. కళ్ళ ముందు నాలుగు దారులు. లారీలు, రిక్షాలు, మిరపకాయ బజ్జీల బండ్లు, సైకిళ్ళ గంటలు. ఖాట్మండులో మేకుల మొద్దయినా తెలుసు. కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళయిన ఈ ఊళ్ళో ఒక్క గుర్తు కూడా లేదు. కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. ఇంకో నిమిషం నిలబడితే మెట్లెక్కి వెనక్కి వెళ్ళిపోతానని భయమేసి, రిక్షాకు ఆనుకుని బీడీ కాలుస్తున్న ముసలాయన్ను అడిగింది.

"బాబూ, సుబ్బాయమ్మగారి ఇల్లెక్కడ?"

అతని పేరు రాయప్ప. బీడీ పారేసి, తలగోక్కున్నాడు. "ఏ సుబ్బాయమ్మ తల్లీ? ఇడ్లీల సుబ్బాయమ్మా, మంత్రసాని సుబ్బాయమ్మా?"

"కాదు, వినగడపలో పొలాలున్న పెద్దింటి..."

"పెద్దిళ్ళ ఆడోళ్ళ పేర్లు మాకెట్లా తెలుస్తయ్యమ్మా? ఇంటాయన పేరు చెప్పండి, కళ్ళు మూసుకుని తీసుకెళ్తా."

బావగారి పేరు చెప్పాలి. బావగారి పేరంటే మొగుడి పేరు. భజనలో కూడా పలకని పేరు, నట్టనడి బస్టాండులో, రిక్షావాడి ముందు. చేతిలో చెంబు చల్లగా తగిలింది. అక్క నోట్లో గంగ పడటం ముఖ్యమా, నా నోట్లోంచి పేరు రాకపోవడం ముఖ్యమా అనుకుంది. కళ్ళు మూసుకుంది.

"దశరథరామయ్య" అంది.

ఆకాశం విరిగి పడలేదు. గుళ్ళోంచి ఆయన గొంతు ఖంగున వినిపిస్తూనే ఉంది.

"అట్లా చెప్పరేం!" అన్నాడు రాయప్ప. "రిక్షా ఎక్కండమ్మా."

"వద్దు. నడుస్తాను, దారి చూపించు."

రాయప్ప ఖాళీ రిక్షా తోసుకుంటూ నడిచాడు. నాగేంద్రమ్మ ఖాట్మండులో లాగే గుర్తులు పెట్టుకుంటూ నడిచింది. కుట్టుమిషన్ల షాపు, మలుపులో బోరింగు పంపు, గోడ మీద సగం చిరిగిన సినిమా పోస్టరు, కిరసనాయిలు డిపో. తిరువూరు ఇంత పెద్ద ఊరా, ఇన్ని రంగులా అని ఆశ్చర్యపోయింది. చివరికి ఓ వెడల్పాటి వీధిలో, ఎత్తయిన ప్రహరీ ముందు రాయప్ప ఆగాడు. "ఇదేనమ్మా దశరథరామయ్యగారిల్లు."

ఇనప గేటు మనిషి కంటే ఎత్తు. లోపల మేడ. అక్క ఇల్లు ఇంత పెద్దదా అనుకుంది నాగేంద్రమ్మ. గేటు ఎందుకంత ఎత్తు కట్టారో, లోపలున్న వాళ్ళకు ఊపిరెట్లా ఆడుతుందో అనుకుంది. అంతలో గేటుకు మామిడాకులు కడుతున్న మనిషి ఇటు తిరిగి కెవ్వుమంది.

"అమ్మగారూ! ఒక్కరే వచ్చారేంటి? అయ్యగారేరీ?"

అక్కమ్మ. అది తన ఇల్లే. పెరటి దోవన తప్ప ఎన్నడూ రాలేదు గనక, ముందునుంచి తన ఇల్లు తనకు తెలియలేదు. తిరిగి తిరిగి, నోట రాని పేరు పలికి, చివరికి తన గేటు ముందుకే వచ్చి నిలబడింది. పెద్దాయన పోయాక ఊళ్ళో ఉన్న దశరథరామయ్య ఒక్కరే కదా మరి! నాగేంద్రమ్మ గేటు ఊచ పట్టుకుని నిలబడింది. రాయప్ప సంగతి తెలిసి, నోరు తెరిచి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అక్క ఉందా?" అని అడిగింది అక్కమ్మను.

"ఉందమ్మా, ఉంది. బస్సొచ్చిందా, బస్సొచ్చిందా అని రోజూ అడుగుతుందంట. లోపలికి రండి... అయ్యో, రాకూడదు కదూ. మేళం లేకుండా, హారతి లేకుండా గడప తొక్కకూడదు."

నాగేంద్రమ్మకు అప్పుడు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు బయటికి కదలనివ్వని ఇల్లు ఇవాళ లోపలికి రావద్దంటోంది.

"అయితే అక్క ఇంటికి దారి చెప్పు."

"వచ్చిన దారినే బస్టాండు దాకా పోయి, గుడి ముందునుంచి రైసు మిల్లు సందులోకి తిరగాలమ్మా. నాలుగో ఇల్లు, వాకిట్లో గోరింట చెట్టు. ఉండండి, నేనూ వస్తా."

"వద్దు. నువ్వు మామిడాకులు కట్టుకో."

డిపో, పోస్టరు, బోరింగు పంపు, కుట్టుమిషన్లు. వెనక నుంచి ముందుకు అన్నీ వరసగా వచ్చాయి. గుడి దగ్గరపడేసరికి డోలు వినిపించింది. మేళం అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. మెట్ల మీద దశరథరామయ్యగారు నిలబడి ఉన్నారు. మెడలో పూలదండ, నెత్తిన పసుపుగుడ్డ చుట్టిన గంగచెంబు, దాన్ని పట్టుకున్న రెండు చేతులూ పైకి. ఇంటి గడప చేరేదాకా చెంబు దించకూడదు, కింద పడనివ్వకూడదు.

అదే సమయానికి ఆయన కళ్ళ ముందునుంచి ఆయన భార్య, చేతిలో చెంబుతో, ఒక్కతే, నడిబజారున నడిచి వెళ్తోంది.

ఆయన నోరు తెరిచారు. ఏమడిగారో డోలు మోతలో ఎవరికీ వినపడలేదు. మెడ తిప్పితే చెంబు కదులుతోంది. పూజారి "కదలకండి, కదలకండి" అంటున్నాడు. నాగేంద్రమ్మకు మాత్రం ఆ పెదవులు చూస్తే చాలు, ఆయన అడిగేదేమిటో తెలుసు. ఒక్కసారి ఆయన ముఖంలోకి సూటిగా చూసి, రైసు మిల్లు సందులోకి తిరిగింది. నడక ఆపలేదు.

నాలుగో ఇల్లు. గోరింట చెట్టు. వసారాలో నులకమంచం మీద సుబ్బాయమ్మ గోడకు జారగిలబడి ఉంది. మనిషి సగమైపోయింది. జుట్టంతా తెల్లబడింది. కళ్ళు మాత్రం అవే. చెల్లెల్ని చూసి, కుడిచేత్తో మంచం కోడు పట్టుకుని లేవబోయి, లేవలేక, వీధి గుమ్మం వైపు చూసింది. చెల్లెలి వెనక ఎవరైనా వస్తారేమోనని చూసింది. ఎవరూ రాలేదు.

"ఎవరితో వచ్చావే?" అంది.

"ఒక్కదాన్నే వచ్చానక్కా. నడిచి వచ్చాను."

సుబ్బాయమ్మ మంచం మీద కాస్త పక్కకు జరగబోయింది, ఎడంవైపు జరగనివ్వలేదు. నాగేంద్రమ్మ చెంబు కింద పెట్టి, ఆ అంచునే సర్దుకుని కూర్చుని, అక్క పడిపోయిన చేతిని ఒళ్ళోకి తీసుకుంది. దూరంగా మేళం ఆవిడ ఇంటి వైపు వెళ్ళిపోతోంది.

"హారతి వేళకు నువ్వు గడపలో ఉండొద్దటే? మీ ఆయన ఊరుకుంటాడా?" అంది సుబ్బాయమ్మ భయంగా. "మళ్ళీ ఇంటికి ఎవరితో వెళ్తావు?"

"నీతో వెళ్తానక్కా," అంది నాగేంద్రమ్మ. "నువ్వెప్పుడు లేచి నడిస్తే అప్పుడు."